ఏటిపాల చేదు

మెట్టపాలెం మందుల కేంద్రం, ల్యాబ్ లాగ్. రాస్తున్నది సత్యవేణి.

లాగ్ 41. సోమవారం

మబ్బు పట్టింది. బ్యాటరీలు సగం కూడా ఎక్కలేదు. ప్లేట్లు శుద్ధిచేసే ఆటోక్లేవ్ వేస్తే, బ్యాక్టీరియాను వెచ్చగా పెంచే ఇంక్యుబేటర్ ఆగిపోతుంది కాబట్టి, గాజు ప్లేట్లన్నీ పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద కుక్కరులో కాచాను. పొగకు కళ్లు ఇంకా మండుతున్నాయి.

పొద్దుట్నుంచి వచ్చినవాళ్లకు "లేదు" అనే మాట తప్ప వేరే మాట చెప్పలేదు. ఒకాయనకు గోరుచుట్టు. ఒకావిడ పిల్లాడికి మోకాలు గీరుకుపోయింది. ఇద్దరికీ ఉప్పునీళ్లతో కడుక్కోమని చెప్పి పంపాను. ఆవిడ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మీకు పిల్లల్లేరా అండీ?" అని అడిగింది. ఉన్నారని చెప్పాను.

ఆమెనేం తప్పుపట్టను. ఈ ఊళ్లో మగవాళ్లు గడ్డాలు గీసుకోవడం మానేశారు. ఆడపిల్లలకు చెవులు కుట్టించడం మానేశారు. సముద్రం ఎక్కి వచ్చినప్పుడు పల్లపు ఊళ్ల నుంచి మొక్కలు కూడా మోసుకొచ్చుకున్న జనం, గులాబీ కొమ్మ ఒక్కటి తేలేదు. ముల్లు గుచ్చుకుంటే మనిషి పోతాడన్న భయం.

మనిషి పోకుండా ఆపగలిగింది ఒకటే మిగిలింది. మిగతా యాంటీబయాటిక్‌లన్నీ ఒకదాని తర్వాత ఒకటి చచ్చుబడిపోయాక పనిచేస్తున్న ఆఖరి మందు. కాగితాల మీద దానికి పెద్ద పేరుంది గాని ఊరంతా నిధి మందు అంటుంది. దాని బీరువాకు రెండు తాళాలు. ఒకటి డాక్టర్ ఫర్హానా దగ్గర, ఒకటి నా దగ్గర. రోగికి కావాలని డాక్టరుగారు అడగాలి. ఆ రోగిలోని బ్యాక్టీరియా ఆ మందుకు చస్తుందని గాజు ప్లేటు మీద పెంచి చూసి నేను ఒప్పుకోవాలి. అప్పుడే ఇద్దరం కలిసి తీస్తాం.

కిందటి వారం వడ్రంగి పేరాచారిగారికి అలాగే తీశాం. మూత్రంలో మొదలై రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్. ప్లేటు మీద మందు బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా మొత్తం చచ్చి, అద్దంలాంటి వలయం ఏర్పడింది. అంతకన్నా మంచి ఫలితం నేనెప్పుడూ చూడలేదు.

ఈరోజు మధ్యాహ్నం పేరాచారిగారు చనిపోయారు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ ఎక్కింది.

లాగ్ 42. మంగళవారం

మందు పాడైందేమోనని చూశాను. పాడవలేదు. దాచిన శాంపిల్ తీసి మళ్లీ ప్లేటు వేశాను. మళ్లీ అదే వలయం.

డాక్టరుగారు ల్యాబ్‌లోకి వచ్చి ప్లేటును వెలుతురుకెత్తి చూశారు. ఆవిడకు నాకన్నా పదేళ్లు తక్కువ. ఈ మధ్య ఇద్దరం ఒకే వయసువాళ్లలా కనిపిస్తున్నాం.

"సత్యవేణిగారూ, శాంపిళ్లు మారిపోయి ఉండొచ్చా?"

"మారలేదండి."

"కోప్పడకండి. అడగాలి కదా."

"కోపానికి ఓపిక లేదండి" అన్నాను. నిజమే చెప్పాను.

లాగ్ 44. శుక్రవారం

మళ్లీ అదే బ్యాక్టీరియా. ఈసారి బడి టీచరు నిర్మల. ప్లేటు మీద వలయం శుభ్రంగా ఉంది. తాళాలు తీశాం.

నర్సు ఎస్తేరు సూది వేస్తుంటే నిర్మల నవ్వి, "మేడమ్, నా గురించి ప్లేటు ఏమంది?" అని నన్నడిగింది. బాగుందంది అన్నాను.

లాగ్ 46. బుధవారం

నిర్మల పోయింది.

రేడియోలో పై ఆఫీసుకు చెప్పాం. అటువైపు ఆఫీసరు గొంతు చాలా మర్యాదగా ఉంది. మా కేంద్రంలో మందు వరసగా రెండుసార్లు విఫలమైంది కాబట్టి, మూడోది కూడా అలాగే అయితే బీరువా ఖాళీ చేసి తీసుకుపోతారట. పనిచేయని చోట మందు వాడితే బ్యాక్టీరియా దాన్ని నేర్చుకుంటుంది, మిగతా ఊళ్లకు పాకుతుంది. నియమం నాకు తెలుసు. అది తప్పు నియమం కూడా కాదు. కాని బీరువా పోతే ఈ ఊళ్లో ఉప్పునీళ్లు తప్ప ఇంకేమీ మిగలదు.

జన్యువులు చదివే యంత్రానికి చాలా కరెంటు కావాలి. వార్డులో ఫ్యాన్లు ఆపించి, ఇద్దరి శాంపిళ్లూ చదివించాను. ఎస్తేరు రోగులకు విసనకర్రలు పంచింది.

రెండింట్లోనూ ఒక పంపు జన్యువు ఉంది. మందు లోపలికి రాగానే బయటికి తోడేసే పంపును కట్టే జన్యువు. కాని ఆ పంపు నడవడం లేదు. దాని పక్కనే ఒక నియంత్రక జన్యువు ఉంది. అది తయారుచేసే ప్రోటీను పంపు జన్యువు మీద కాపలావాడిలా కూర్చుని, దాన్ని చదవనివ్వదు. పంపు ఊరికే నడిస్తే బ్యాక్టీరియాకు శక్తి దండగ. అందుకే ఆ కాపలా. ఆ కాపలా జన్యువులో ఒక్క అక్షరం కూడా చెడలేదు.

అంటే ఈ బ్యాక్టీరియాకు ఆయుధం ఉంది, దాన్ని దాచుకుని తిరుగుతోంది. నా ప్లేటు మీద దాచుకునే ఉంది, కాబట్టి చచ్చింది. మనిషి ఒంట్లో ఏదో ఒకటి కాపలావాణ్ణి పక్కకు తప్పిస్తోంది.

ఏది? ఇదివరకు ఇదే మందుతో ఇలాంటి రోగులే లేచి ఇళ్లకు వెళ్లారు.

లాగ్ 47. శనివారం

వార్డులో రోగికి తగిలేదీ, రోగి మింగేదీ ఒక్కొక్కటీ తెచ్చి ప్లేట్లలో కలిపాను. కొళాయి నీళ్లు. క్లోరిన్. నేల తుడిచే మందు. సబ్బు. పసుపు. గంజి. జ్వరానికి పట్టించే ఏటిపాల బెరడు కషాయం.

దేనితోనూ ఏమీ కాలేదు. అన్ని ప్లేట్లలోనూ అవే అందమైన వలయాలు. నాకు వాటి మీద అసహ్యం పుట్టింది.

లాగ్ 49. సోమవారం

భవాని వచ్చింది. వచ్చింది అనకూడదు, బల్లకట్టు మీద పడుకోబెట్టి తెచ్చారు. పల్లపు చేలల్లో నీళ్లు తోడే ఇంజను నడుపుతుంది. ముప్పై దాటని మనిషి. మూత్రపిండాల దాకా పాకింది. వెంట అత్తగారు సూరమ్మ. భవాని భర్త గట్టు తెగిన ఏడాది పోయాడు. అప్పట్నుంచి వాళ్లిద్దరే.

"కోడలని రాసుకోకండమ్మా" అంది సూరమ్మ, ఎస్తేరు వివరాలు అడుగుతుంటే. "కూతురని రాయండి. ఎవరడిగినా నేనదే సెప్తాను."

అదే బ్యాక్టీరియా. ప్లేటు మీద వలయం శుభ్రంగా ఉంది.

డాక్టరుగారు తాళంచెవి చేత్తో పట్టుకునే వచ్చారు.

"తీద్దామా?"

"వద్దండి."

"ప్లేటు బాగుంది కదా! ఏ కారణం చెప్పి ఆపుతారు?"

"కారణం తెలియకపోవడమే నా కారణం. ఇప్పుడు తీస్తే ఈ పిల్లా పోతుంది, బీరువా పోతుంది. నాకు రేపటిదాకా టైమివ్వండి."

"రేపటిదాకా ఆ అమ్మాయి ఉండాలిగా."

ఆవిడ తాళంచెవి జేబులో వేసుకుని వార్డులోకి వెళ్లిపోయారు. ఎస్తేరుతో, "కషాయం ఇంకో గ్లాసు పట్టించు, కాస్త తెరిపిన పడుతుంది" అనడం వినిపించింది.

వరదకు వంతెన కొట్టుకుపోయాక మాకు జ్వరం మాత్రలు రావడం ఆగిపోయింది. అప్పుడు డాక్టరుగారే పాత పుస్తకాలు తిరగేసి, ఏటిపాల చెట్టు బెరడు కషాయం మొదలుపెట్టించారు. కాలువ గట్టున దగ్గరుండి కొమ్మలు నాటించారు. జ్వరం దించుతుంది, నొప్పి తగ్గిస్తుంది. వార్డులో ఎవరికైనా చేయగలిగిన మేలంటూ ఉంటే అదే. నేనూ ఎన్నోసార్లు తలనొప్పికి తాగాను.

ఇది రాస్తూ కలం ఆపేశాను. కషాయాన్ని ప్లేటులో కలిపాను, ఏమీ కాలేదు. కాని రోగి దాన్ని ప్లేటులో పోసుకోడు కదా. తాగుతాడు. తాగింది ఒంట్లో తాగినట్టే ఉంటుందా? పేగులూ కాలేయమూ దాన్ని విరిచి ఇంకోటి చేస్తాయి. జ్వరం దించేది ఆ ఇంకోటే. నేను ప్లేటులో పరీక్షించింది కుండలో ఉన్న కషాయాన్ని. మనిషిలో ఉన్నదాన్ని కాదు.

లాగ్ 50. మంగళవారం

పొద్దున్నే భవాని మూత్రం వడగట్టి, అందులో బ్యాక్టీరియా వేసి, నిధి మందు చుక్క కలిపి ఇంక్యుబేటర్‌లో పెట్టాను. పక్కన నా మూత్రం, అదే పద్ధతిలో. గొట్టంలో నీళ్లు తేటగా ఉంటే బ్యాక్టీరియా చచ్చినట్టు. మబ్బేస్తే బతికినట్టు.

తర్వాత వంటగదికి వెళ్లి కషాయం నిండు గ్లాసు తాగాను. ఎస్తేరు చూసి, "జొరమా మేడమ్?" అంది.

"లేదు. పరీక్ష."

"మీ మీదా?"

"ఇంకెవరూ దొరకలేదు."

కొంతసేపాగి మళ్లీ నా మూత్రమే పట్టి మూడో గొట్టం పెట్టాను. ఈ వయసులో ఇదొక ఉద్యోగం.

సాయంత్రం ఇంక్యుబేటర్ తలుపు తీశాను. భవానిది మబ్బేసింది. కషాయం తాగకముందు నాది తేటగా ఉంది. తాగాక నాది మబ్బేసింది.

మూడు గొట్టాలూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. సంతోషించాల్సిన ఘడియే. పేరాచారిగారికీ నిర్మలకూ ఎవరు ఎన్ని గ్లాసులు పట్టించారో ఆలోచించకుండా సంతోషించడం ఎలాగో నాకు తెలియలేదు.

డాక్టరుగారిని పిలిచి చూపించాను. ఆవిడ గొట్టాలను వరసగా చూసి, మళ్లీ మొదటినుంచి చూశారు.

"మూడోది కూడా మీదేనా?"

"నాదేనండి. మధ్యలో ఒక్క గ్లాసు తేడా."

"జ్వరం ఎక్కువైన కొద్దీ ఎక్కువ పట్టించాం" అన్నారు. "నిర్మల ఆఖర్న అడిగి అడిగి తాగింది. నేనే తాగించాను."

"అది బాధకు మందే కదండీ. బాధ తగ్గింది కూడా" అన్నాను.

"అవును. తగ్గింది" అని, స్టూలు మీద కూర్చుని, అరచేతులతో మొహం మూసుకున్నారు. ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. కాసేపటికి లేచి, "కషాయం ఆపేద్దాం. తాగింది ఒంట్లోంచి పోయేదాకా ఆగి, ఆ అమ్మాయి గొట్టం తేటగా వచ్చాక మందు మొదలుపెడదాం. ఈలోగా భవాని జ్వరం సంగతి?" అన్నారు.

"తడిబట్టలు."

"తడిబట్టలు" అన్నారు ఆవిడ కూడా, ఆ మాట మొదటిసారి విన్నట్టు.

లాగ్ 51. బుధవారం

భవాని అరుస్తోంది.

నడుములో ఎవరో ఇనుప కడ్డీ కాల్చి పెట్టినట్టుందట. జ్వరం ఎక్కేముందు వణుకు వచ్చి మంచం కోళ్లు నేల మీద టకటకమంటున్నాయి. ఎస్తేరు కుండలో నీళ్లు మారుస్తూనే ఉంది. పక్క మంచాలవాళ్లు చెవులు మూసుకుంటున్నారు.

సూరమ్మ నన్ను వరండాలో పట్టుకుంది.

"అమ్మా, నిన్నటిదాకా ఇచ్చారు కదా ఆ సేదునీళ్లు. ఇయ్యాలెందుకు మానేశారు? మావేం తప్పు సేశాం?"

"తప్పేం లేదండి. అది తాగితే అసలు మందు పనిచేయదు."

"అది తాగితేనేగా దానికి కాస్త కన్ను మూతపడింది!"

"కొంచెం ఓపిక పట్టండి సూరమ్మగారూ."

ఆమె నా చేయి వదిలేసింది. అంత నెమ్మదిగా వదిలేస్తే నాకే బాధనిపించింది. ల్యాబ్‌లోకి వచ్చి తలుపు వేసుకున్నాను.

సాయంత్రం భవాని గొట్టం తేటగా వచ్చింది. తాళాలు తీశాం. మొదటి సూది పడింది.

లాగ్ 52. గురువారం

పొద్దుట గొట్టం తేటగానే ఉంది. మధ్యాహ్నం గొట్టం మబ్బేసింది.

ముందు నా చేతుల్నే అనుమానించాను. మళ్లీ పెట్టాను. మళ్లీ మబ్బు. అప్పుడు వార్డులోకి వెళ్లి చూస్తే, భవాని ప్రశాంతంగా పడుకుని ఉంది. జ్వరం తగ్గింది. ఒక్క సూదికి అంత తొందరగా తగ్గకూడదు.

మంచం కింద చెంబు ఉంది. వాసన చూశాను. ఏటిపాల. కాలువ గట్టు ఇక్కడికి ఎంతో దూరం లేదు. బెరడు గీకడానికి డాక్టరు కానక్కర్లేదు.

సూరమ్మ లేచి నిలబడింది. దాచే ప్రయత్నమేమీ చేయలేదు.

"నేనే ఇచ్చాను" అంది.

"ఎందుకిచ్చారండీ? చెప్పాను కదా!" నా గొంతు నాకే కీచుగా వినిపించింది. వార్డంతా మా వైపు తిరిగింది.

"సెప్పారు. సెప్పి ఎల్లిపోయారు. అది ఏడుత్తుంటే మీరు తలుపేసుకుని లోపల కూకుంటారు. డాక్టరమ్మగారు ఇంకో మంచం కాడికెల్తారు. నేనెక్కడికెల్లనమ్మా? నా సెయ్యి పట్టుకుని 'అత్తా, సంపెయ్యి నన్ను' అంటంది. అది నాతో అట్టా అంటే నేనేం సెయ్యను? సెప్పు. నీ కూతురే అట్టా అంటే నువ్వేం సేత్తావ్?"

ఎస్తేరు అడ్డం రాబోయింది. నేను వద్దని చెయ్యి ఊపాను. మంచం పట్టె మీద కూర్చున్నాను. నిలబడి చెప్పే మాటలు కావవి.

"సూరమ్మగారూ, భవాని ఇంజను నడుపుతుంది కదా. చేలోకి నీళ్లొస్తే ఏం చేస్తుంది?"

"తోడేత్తది."

"చేలో నీళ్లు లేకపోతే?"

"ఆపేత్తది. ఊరికే తిప్పితే ఆయిలు దండగ కదా."

"భవాని ఒంట్లో ఉన్న పురుగు దగ్గర కూడా అలాంటి ఇంజను ఒకటుంది. మనం ఎక్కించిన మందునంతా బయటికి తోడేసేది. కాని దాని స్విచ్చి మీద ఒకడు చెయ్యి పెట్టి కూర్చున్నాడు, వేయనివ్వకుండా. వాడక్కడ కూర్చున్నంతసేపూ మన మందు పనిచేస్తుంది. ఈ చేదునీళ్లు లోపలికెళ్లి వాడి చెయ్యి పట్టుకుని లాగేస్తున్నాయి. ఇంజను ఆడుతోంది. మందు పోతోంది."

ఆమె చెంబు వైపు చూసింది. తర్వాత కోడలి మొహం వైపు.

"మరి జొరం తగ్గింది కదా?"

"జ్వరం తగ్గింది. పురుగు తగ్గలేదు. వడ్రంగి పేరాచారిగారికీ అలాగే తగ్గింది, టీచరమ్మకీ అలాగే తగ్గింది."

ఆ ఇద్దరి చావూ ఊళ్లో అందరికీ తెలుసు. సూరమ్మ చెంబు తీసుకుని బయటికి వెళ్లింది. తూము దగ్గర గుమ్మరించిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి, అదే చోట నిలబడింది.

"మళ్లా ఇయ్యను. కాని నాకొక మాటియ్యాల."

"చెప్పండి."

"అది ఏడ్సినంతసేపూ నువ్వూ ఇక్కడే కూకోవాల. నాతోటి."

నాకు ప్లేట్లు కాచే పనుంది. బయట నలుగురు శాంపిళ్లతో నిలబడి ఉన్నారు. బ్యాటరీలు మళ్లీ దిగిపోతున్నాయి. ఇవన్నీ చెప్పాలనుకుని, నోరు తెరిచి, "సరే" అన్నాను.

లాగ్ 53. శుక్రవారం

ల్యాబ్ మూసేసి వార్డులోనే ఉన్నాను. ఈ లాగ్ భవాని మంచం పక్కన రాస్తున్నాను.

వణుకు వచ్చినప్పుడు ఇద్దరం చెరోవైపు పట్టుకుంటున్నాం. ఇనుప పనిముట్లు తిప్పిన చేతులు భవానివి. పట్టుకుంటే నా వేళ్లు నలిగిపోతున్నాయి. నొప్పి ఎక్కువైనప్పుడు బూతులు తిడుతోంది. నన్నూ, డాక్టరునూ, దేవుణ్నీ, చచ్చిపోయిన మొగుణ్నీ. మొగుణ్ని తిట్టినప్పుడు సూరమ్మ, "తిట్టు తల్లీ, ఆడు ఇనడులే" అంది. ఆ ఒక్కసారే భవాని నవ్వబోయింది, నవ్వలేకపోయింది.

మధ్యలో అడిగింది: "మేడమ్, ఒక్క గుక్క ఇస్తే ఏమవుద్దండీ? ఒక్క గుక్కే."

ఒక్క గుక్కకు ఎంత అవుతుందో నిజంగా నాకు తెలియదు. లెక్క కట్టలేదు. "ఇవ్వను" అన్నాను. బయట కౌంటరు దగ్గర ఈ మాట ఎన్నేళ్లుగా అంటున్నానో. అని, తర్వాతివాణ్ని పిలుస్తాను. ఇక్కడ తర్వాతివాడు లేడు. అన్నాక ఆ మొహాన్నే చూస్తూ కూర్చోవాలి.

డాక్టరుగారు వచ్చి నేల మీదే కూర్చుని బట్టలు పిండారు.

లాగ్ 54. శనివారం

పొద్దుట గొట్టం: తేట. మధ్యాహ్నం: తేట. సాయంత్రం భవాని రక్తం ప్లేటు మీద వేశాను.

జ్వరం మాత్రం ఇంకా అలాగే ఉంది.

లాగ్ 55. సోమవారం

రక్తం ప్లేటు ఖాళీ. ఏమీ పెరగలేదు. నిన్న సాయంత్రం నుంచి జ్వరం మెట్టుమెట్టుగా దిగుతోంది.

భవాని కళ్లు తెరిచి చద్దన్నం, ఉల్లిపాయ అడిగింది. ఎస్తేరు గంజి తెచ్చింది. "ఇదేం తిండే?" అని మొహం చిట్లించి అంతా తాగేసింది. ఎడమ చెవి సరిగా వినిపించడం లేదంటోంది. నిధి మందు కొందరికి అలా చేస్తుంది. తిరిగి రాకపోవచ్చని డాక్టరుగారు చెప్పారు.

"పర్లేదండి" అంది భవాని. "ఇంజను రొద కొంచెం తక్కువ ఇనపడుద్ది."

సూరమ్మ బయటికి వెళ్తూ నా చేతులు తీసుకుని, కమిలిన వేళ్లను ఒక్కొక్కటీ చూసి, వదిలిపెట్టింది.

లాగ్ 57. గురువారం

పై ఆఫీసుకు అంతా చెప్పాను. గొట్టాల గురించి, కాపలా జన్యువు గురించి, కషాయం గురించి. బీరువా మా దగ్గరే ఉంటుంది. ఇకనుంచి ప్లేటు ఒక్కటే చాలదు, రోగి మూత్రంలో కూడా పరీక్ష చేయాలని అన్ని కేంద్రాలకూ కబురు పంపుతారట. ఆఫీసరు నన్ను అభినందించాడు. ఇంకో రెండు ఊళ్లు కూడా ఏటిపాల నాటుతున్నాయని అప్పుడే తెలిసింది.

డాక్టరుగారు కాలువ గట్టుకు వెళ్లారు. చెట్లు కొట్టించేస్తారేమో అనుకున్నాను. ఒక చెట్టు దగ్గర చాలాసేపు నిలబడి తిరిగి వచ్చారు.

"ఉండనివ్వండి. ఈ బ్యాక్టీరియా లేనివాళ్లకు నొప్పులుండవా?" అన్నారు.

వార్డు గోడ మీద కొత్త నియమం నేనే రాశాను. నిధి మందు తీసుకునేవారికి కషాయం ఇవ్వబడదు. కషాయం తీసుకునేవారికి నిధి మందు ఇవ్వబడదు. పెద్ద అక్షరాలతో. రాసి దూరం జరిగి చూస్తే, ఇది రాసినావిడ ఎంత కఠినురాలో అనిపించింది.

లాగ్ 60. ఆదివారం

బుల్లబ్బాయిగారిని తెచ్చారు. ఎనభై దగ్గర పడిన మనిషి. ఒకప్పుడు రేవులో జనాన్ని దాటించే పంటు నడిపేవారు. ఇప్పుడు నడపడానికి రేవూ లేదు, పంటూ లేదు. ప్రోస్టేటు వాపు, మూత్రం నిలిచిపోవడం, జ్వరం. అదే బ్యాక్టీరియా. కషాయం ఇంకా ఏమీ తాగలేదు కాబట్టి గొట్టం తేటగా ఉంది. మందు పనిచేస్తుంది. డాక్టరుగారు తాళంచెవి తీశారు, నేనూ తీశాను.

ఆయన గోడ మీద రాసింది చదువుతున్నారు. పెదాలు కదుపుతూ, నెమ్మదిగా.

"ఇది మీరు రాశారాండీ?"

"నేనేనండి."

"ఆయ్. అయితే రెండిట్లో ఒకటే ఇత్తారన్నమాట."

"అవునండి. మీకు నిధి మందు ఇస్తాం. కొన్నాళ్లు నొప్పి భరించాలి. పక్కన ఎవరో ఒకరం ఉంటాం."

ఆయన కాసేపు ఆయాసపడి, మళ్లీ మాట్లాడారు. "ఒక మాట అడుగుతానండి. ఆ మందు ఏసుకుని లేత్తాననుకోండి. లేచి నేనేం సేత్తానో మీకు తెలుసాండీ?"

"తెలీదండి."

"నాక్కూడా తెలీదండి." ఆయన కళ్లలో చిన్న నవ్వు కదిలింది. "మా ఆవిడెల్లిపోయి శానా కాలమైంది. పిల్లలకి పిల్లలు పుట్టేశారు. నిద్ర పట్టి ఎన్నాల్లయిందోనండి. ఆ సేదునీళ్లే ఇప్పించండి. మీ మందు అలాగుంచండి, ఇంకెవరైనా వత్తారు."

డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని చాలా చెప్పారు. బతికే అవకాశం ఉందన్నారు, కొన్నేళ్లు ఉండొచ్చన్నారు. ఆయన అంతా శ్రద్ధగా విన్నారు. మధ్యమధ్య "ఆయ్" అంటూ తలూపారు. కబురు పంపితే పెద్ద కొడుకు వచ్చాడు. కాళ్లకు బురదతోనే వచ్చి, తండ్రి చెవిలో ఏదో అడిగి, జవాబు విని, తల వంచుకుని మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు.

"ఆయన మాటే కానివ్వండి" అన్నాడు చివరికి.

డాక్టరుగారు నా వైపు చూశారు. తాళంచెవి ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని తిరిగి మెడలో వేసుకున్నాను.

వంటగదిలోకి వెళ్లి బెరడు నేనే దంచాను. నీళ్లు సగానికి ఇగిరేదాకా పొయ్యి దగ్గర నిలబడ్డాను. వడగట్టి, గోరువెచ్చగా అయ్యాక తీసుకెళ్లాను. కొడుకు తండ్రి వీపుకు చెయ్యి ఆన్చి కూర్చోబెట్టాడు. బుల్లబ్బాయిగారు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, ప్రతి గుక్కకూ మొహం చిట్లిస్తూ, ఆఖరి చుక్క దాకా తాగారు.

మూతి తుడుచుకుని, "ఇంకో గ్లాసు దొరుకుద్దాండీ?" అని అడిగారు.

ఎస్తేరు గోడ వైపు చూసి, నా వైపు చూసింది.

ఇమ్మన్నాను.